ఫోటో వెనక నిలబడిన బెట్టీ

గన్నవరం చుట్టుపక్కల ఊళ్లలో కాలువ గట్ల వెంబడి, చెరువు కట్టల కింద మనవాళ్ల ఇళ్లున్నాయి. యానాదులు, ఎరుకలవాళ్లు, అక్కడక్కడ లంబాడీలు. పైన విమానాలు దిగుతుంటాయి. కింద మనవాళ్లు వలలు బాగుచేసుకుంటూ, బుట్టలు అల్లుకుంటూ ఉంటారు. ఆ ఇళ్లలో పాత ఫోటోలు ఏమైనా ఉన్నాయేమో చూద్దామని మేము కొందరం తిరిగాం. తాతలవి, అవ్వలవి, పెళ్లిళ్లవి, పాత గుడిసెలవి ఏవైనా సరే అనుకున్నాం.

దాదాపు ప్రతి ఇంట్లోనూ మాకు ఒకే రకం ఫోటో కనిపించింది. చనిపోయిన పెద్దమనిషికి దినం నాడు దండ వేయడానికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి చట్రం కట్టించారు. ముఖం మసక, కళ్లలో బెదురు. "మా అమ్మకు ఉన్నది ఇదొక్కటేనయ్యా" అని ఒక అవ్వ చీర కొంగుతో అద్దం తుడిచి చూపించింది. తన తల్లి నవ్వితే ఎలా ఉండేదో మనవరాళ్లకు చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. మనవాళ్లకు ఫోటో అంటే సర్కారు అడిగినప్పుడు దిగేది.

మరి మన ఆదివాసుల పాత ఫోటోలు అసలు లేవా? ఉన్నాయి. చెంచులవి, కొండరెడ్లవి, గోండులవి వేల కొద్దీ ఉన్నాయి. అయితే అవి మన ఇళ్లలో లేవు, లండన్‌లో ఒక విశ్వవిద్యాలయం భద్రపరచిన పెట్టెల్లో ఉన్నాయి. ఆ ఫోటోల కింద ఉండే పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆ పేరు మన ఉపాధ్యాయులకు, ఉద్యోగులకు తెలుసు. ఆయన పక్కనే అడవుల్లో నడిచి, గుడారాల్లో పడుకుని, చివరికి మన మట్టిలోనే కలిసిపోయిన మనిషి గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడతాం. ఆమె బెట్టీ ఎలిజబెత్. ఈ వ్యాసం ఆమె కోసం.

అంతకు ముందు వచ్చిన కెమెరాలు

బెట్టీ గొప్పతనం తెలియాలంటే, అంతకు ముందు మన దగ్గరికి కెమెరా పట్టుకుని వచ్చినవాళ్లు ఎలాంటివాళ్లో తెలియాలి.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ సర్కారు ఈ దేశంలోని కులాలను, తెగలను ఫోటోలు తీయించింది. "ద పీపుల్ ఆఫ్ ఇండియా" పేరుతో 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలు వేసింది. వాటిలో ఎంతోమంది సొంత పేరు లేకుండా తెగ పేరుతోనే నిలబడి ఉంటారు. పాలించేవాడికి ఎవరు ఎవరో గుర్తుపట్టడం కావాలి. అందుకు తెగ పేరు చాలు.

1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. కొన్ని తెగల్లో పుట్టడమే నేరమని ఆ చట్టం అంది. మన తీరాంధ్రలో ఎరుకలవాళ్లు ఆ చట్టం కింద నలిగిపోయారు. పేర్లు రిజిస్టర్లకెక్కాయి, వేలిముద్రలు పడ్డాయి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు అలా పుట్టిందే. దేశానికి స్వతంత్రం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు. తర్వాత ఎడ్గార్ థర్‌స్టన్ అనే అధికారి దక్షిణాది కులాల మీద, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చువేయించాడు. మనుషుల తలలు, ముక్కులు పరికరాలతో కొలిచాడు, ఫోటోలు వేశాడు. ఆ పుస్తకాల్లో మన ఆచారాల గురించిన సమాచారం ఉంది, కాదనం. కానీ కొలబద్ద పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాడి ముందు ఏ మనిషీ మనసు విప్పి నవ్వలేడు.

అందుకే మన పెద్దవాళ్లలో కొందరు ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయపడేవారంటే దాన్ని మూఢనమ్మకమని నవ్వేయకూడదు. ముద్ర తీసుకున్నవాడు తర్వాత ఏం చేస్తాడో వాళ్లకు అనుభవం మీద తెలుసు.

యుద్ధం కట్టిపడేసిన ఇద్దరు

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టారు. 1936–37లో నాగా కొండల్లో కొన్యాక్ నాగాల మధ్య ఉండి పరిశోధన చేశారు. 1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లి చేసుకున్నారు. ఆమెనే దగ్గరివాళ్లు బెట్టీ అని పిలిచేవారు. 1939లో ఇద్దరూ హైదరాబాద్ వచ్చారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పటికే ఆస్ట్రియాను జర్మనీ కలుపుకుంది కాబట్టి బ్రిటిష్‌వాళ్ల లెక్కలో హైమన్‌డార్ఫ్ శత్రుదేశస్థుడు. అలాంటివాళ్లను చాలామందిని శిబిరాల్లో పెట్టారు. ఈయనను మాత్రం నిజాం రాజ్యం దాటకుండా ఉండమని, ఆ రాజ్యంలోని తెగల మధ్య పని చేసుకోమని వదిలారు.

మన గన్నవరం విమానాశ్రయం కూడా ఆ యుద్ధ కాలంలో సైనిక స్థావరంగా ఉన్నదే. ఇక్కడ యుద్ధ విమానాల కోసం నేల చదును చేసిన రోజుల్లోనే, అదే యుద్ధం పుణ్యమా అని ఒక జంట నల్లమల అడవిలోకి నడిచింది.

ఒక్కసారి బెట్టీ వైపు నుంచి ఆలోచిద్దాం. పెళ్లయి రెండేళ్లు కాలేదు. సొంత దేశం మీద బాంబులు పడుతున్నాయి. భర్త మీద నిఘా. హైదరాబాద్ నగరంలో బంగళాలో కూర్చుని యుద్ధం ముగిసేదాకా రోజులు లెక్కపెట్టుకోవచ్చు. ఆ రోజుల్లో తెల్లదొరల భార్యలు ఎక్కువమంది చేసిన పని అదే. బెట్టీ అలా ఉండిపోలేదు. 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచు పెంటల మధ్య గుడారం వేసుకున్నారు. మన డెల్టా పొలాలకు దిగే కృష్ణ నీళ్లు ఆ కొండల పాదాలు కడిగే వస్తాయి. ఆ నీళ్లు తాగే మనకు ఆ పైన ఉన్న చెంచుల గురించి ఎంత తెలుసో ఎవరికి వాళ్లం అడుగుకోవాలి.

అక్కడ రోడ్డు లేదు, కరెంటు లేదు. ఆ రోజుల్లో ఫోటో తీయడం ఇప్పటిలా వేలితో తాకడం కాదు. ఒక రీలుకు కొన్ని బొమ్మలే. వెలుతురు అంచనా వేసుకోవాలి. ఎండకు, చెమ్మకు రీళ్లు పాడవుతాయి. తీసిన బొమ్మ ఎలా వచ్చిందో నగరంలో చీకటి గదిలో కడిగేదాకా తెలియదు. అందుకే ఒక్కో బొమ్మ తీయడానికి ముందు ఎంతో ఓపిక పట్టాలి. వాళ్ల చెంచు ఫోటోల్లో తాళ్లకు వేలాడుతూ కొండ చరియల మీద తేనె తీసేవాళ్లు, అడవి గడ్డలు తవ్వుకునేవాళ్లు, విల్లంబులు పట్టినవాళ్లు కనిపిస్తారు. అది ఒక్కరోజు వచ్చి తీసుకుపోయే పని కాదు. ఆ మనుషులు వీళ్లను చూసి పారిపోకుండా, పని ఆపకుండా ఉండేంత చనువు ఏర్పడాలి.

ఆ చనువులో బెట్టీ భాగం ఎంతో మన ఊళ్లు తెలిసినవాళ్లు ఊహించగలరు. ఒంటరి మగవాడు కొత్తగా పెంటలోకి వస్తే ఆడవాళ్లు గుడిసెలోకి వెళ్లిపోతారు. భార్యాభర్తలు కలిసి వచ్చి పక్కన పొయ్యి రాజేసుకుంటే వాళ్లు సంసారులు, ఇక మాట కలుస్తుంది.

రెండు నదులు, మూడు పుస్తకాలు

చెంచుల మీద పుస్తకం 1943లో వచ్చింది. అప్పటికే దంపతులు గోదావరి వైపు వెళ్లి పాపికొండల దగ్గర కొండరెడ్ల మధ్య ఉన్నారు. పోడు వ్యవసాయం, జీలుగు కల్లు, నది పక్క ఇసుక మీద విడిది, వెదురు నరికించి కూలి ఎగ్గొట్టే కంట్రాక్టర్లు, అన్నీ చూశారు. 1945లో అచ్చయిన కొండరెడ్ల పుస్తకం మీద ఎలిజబెత్ సహకారంతో రాసినట్టు ఆమె పేరు ఉంది. 1948లో వచ్చిన ఆదిలాబాద్ రాజ్‌గోండుల పుస్తకంలోనూ ఆమె పేరుంది. 1979లో ఆంధ్రప్రదేశ్ గోండుల మీద వచ్చిన పుస్తకానికి ఇద్దరూ రచయితలు. దక్షిణాసియా మానవశాస్త్ర రచనలన్నిటినీ ఏరి కూర్చిన గ్రంథసూచి ఒకటి 1958లో ఆమె ఒక్కరి పేరు మీదే వచ్చింది. అంటే బెట్టీ భర్త వెంట తిరిగిన భార్య మాత్రమే కాదు, పనిలో భాగస్వామి. పుస్తకాల అట్టలు చెప్పిన ఈ సంగతి మన సభల్లో చదివే వ్యాసాల్లోకి ఇంకా సరిగా రాలేదు.

గోండుల దగ్గరికి వాళ్లు వెళ్లిన సందర్భం మనకు ముఖ్యం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. తుపాకితో తిరుగుబాటును అణిచాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అప్పుడు తోచింది. ఆ పని హైమన్‌డార్ఫ్ మీద పెట్టింది. ఇప్పటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని మార్లవాయి గ్రామంలో దంపతులు గడ్డి కప్పిన ఇంట్లో కాపురం పెట్టారు.

మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలి. గోండు పిల్లలకు గోండు పంతులే చదువు చెప్పాలి, మొదట సొంత భాషలో మొదలుపెట్టాలి అన్నది అక్కడి పద్ధతి. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. మాతృభాషలో చదువు గురించి మనం ఇవాళ సభల్లో మాట్లాడుతున్నది ఎనభై ఏళ్ల కిందట ఒక గడ్డి ఇంటి పక్కన జరిగింది. భూముల పట్టాల పని కూడా ఆ నివేదికల వల్లే కదిలింది. 1940ల చివరికి ఆదివాసులకు లక్షన్నర ఎకరాలకు పైగా భూమి దక్కింది. 1946లో కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. అధికారులు జాతరకు వచ్చి ఆదివాసుల గోడు వినాలన్న ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది.

ఆ కాలపు గోండు ఫోటోలు చూస్తే దండారి ఆటలు, నెమలి ఈకల కిరీటాలు పెట్టుకున్న గుస్సాడీలు, పెర్సపేన్ పూజలు కనిపిస్తాయి. వీటితోపాటు నీళ్లు మోసుకొచ్చే ఆడవాళ్లు, పిల్లను చంకనేసుకుని నిలబడ్డ తల్లి లాంటి మామూలు రోజులూ ఉంటాయి. పండగను ఎవరైనా ఫోటో తీస్తారు. మామూలు రోజును తీయాలంటే ఆ ఊళ్లో ఉండాలి.

యుద్ధం ముగియకముందే, 1944లో, హైమన్‌డార్ఫ్‌ను ఈశాన్యంలో సుబన్‌సిరి ప్రాంతానికి పంపారు. ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో జీరో లోయ అది. అక్కడి అపతానీల దగ్గరికి దారులు లేని అడవుల్లో రోజుల తరబడి నడవాలి. బెట్టీ అక్కడికీ వెళ్లారు. తర్వాత మళ్లీ హైదరాబాద్ వచ్చారు, 1950 నాటికి లండన్ చేరారు. అటు తర్వాత నేపాల్‌లో షెర్పాల మధ్య పని. వయసు మీదపడ్డాక కూడా మన గూడేలను మరవకుండా మళ్లీ మళ్లీ వచ్చారు.

కెమెరా సొంత చేతిలో పట్టిన మరో స్త్రీ

జీరో లోయకు బెట్టీ తర్వాత మరో స్త్రీ వెళ్లారు. ఆమె గురించి కూడా మన అమ్మాయిలు తెలుసుకోవాలి. పేరు ఉర్సులా గ్రాహం బోవర్. 1914లో ఇంగ్లండ్‌లో పుట్టారు. ఇంట్లో డబ్బు చాలక కాలేజీ చదువు కుదరలేదు. 1937లో స్నేహితురాలితో మణిపూర్ చూడడానికి వచ్చి నాగా కొండలను చూశారు. ఇక ఆమె మనసు అక్కడే ఉండిపోయింది. కెమెరా తీసుకుని కొండలెక్కారు, వందల కొద్దీ ఫోటోలు తీశారు. 1939లో మళ్లీ వచ్చి జెమి నాగాల ఊరు లైసోంగ్‌లో ఇల్లు కట్టుకున్నారు. 1942లో జపాన్ సైన్యం బర్మా దాటి వస్తుందన్నప్పుడు నాగా యువకులతో కలిసి అడవి దారుల్లో కాపలా దళం నడిపారు. తర్వాత "నాగా పాత్" అనే పుస్తకం రాశారు. ఆమె ఫోటోలు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఉర్సులా తీసిన బొమ్మ కింద ఉర్సులా పేరుంది. బెట్టీ నడిచిన దారుల్లో తీసిన బొమ్మల కింద భర్త పేరుంది. ఇద్దరి సాహసమూ ఒకటే. పేరు ఎవరికి దక్కిందన్నదే తేడా. ఇది తెల్లవాళ్ల ఇళ్ల సంగతే అనుకోవద్దు. మన గూడేల్లో విత్తనం దాచేది, మందు చెట్టు గుర్తుపట్టేది, పాట కట్టేది ఆడవాళ్లే. సన్మానం శాలువా మాత్రం ఎవరి భుజం మీద పడుతోందో మనకు తెలుసు.

మెచ్చుకుంటూనే అడగాల్సినవి

బెట్టీ దంపతులను దేవుళ్లను చేసి పూజించమని మేము చెప్పడం లేదు. వాళ్లు వచ్చింది మన మీద తుపాకి పేల్చిన సర్కారు అనుమతితోనే. వాళ్లు రాసింది ఇంగ్లీషులో, చదివింది ప్రపంచం. రాయించుకున్న ఊళ్లలోని మనుషులకు ఆ పుస్తకం అందడానికి తరాలు పట్టింది. ఆ ఫోటోల్లో ఉన్న తల్లి మనవరాలు ఇవాళ ఏ ఆశ్రమ పాఠశాలలోనో చదువుతూ ఉండవచ్చు. తన అవ్వ ఫోటో లండన్‌లో ఉందని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి?

అయినా ఆ ఫోటోలు మనకు కావాలి. ఎందుకో గన్నవరం నుంచే చెబుతాం. పోలవరం కుడి కాలువ మన గన్నవరం ప్రాంతం మీదుగానే వెళ్లి కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్లు చూసి మన రైతులు సంతోషిస్తారు. అది న్యాయమే. కానీ అదే ప్రాజెక్టు కింద పాపికొండల దగ్గర కొండరెడ్ల ఊళ్లు ముంపుకు గురవుతున్నాయి. కొన్ని ఊళ్లవాళ్లు ఇప్పటికే పునరావాస కాలనీలకు చేరారు. ఊరు మునిగాక ఆ ఊరి మర్రిచెట్టు, దేవత రాయి, పోడు దారి ఎక్కడున్నాయో రేపటి పిల్లలకు చూపించేది ఏమిటి? 1941లో ఎవరో ఓపికగా తీసిన నలుపు తెలుపు బొమ్మలు. నీళ్లు చేరిన చోట ఫోటో ఒక్కటే మిగిలే సాక్ష్యం. భూమి కేసుల్లోనూ, మేము ఇక్కడివాళ్లమే అని నిరూపించుకోవాల్సిన చోటా పాత ఫోటో ఎంత బలమో అనుభవించినవాళ్లకు తెలుసు.

మార్లవాయి మట్టి

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమె కోరిక మేరకు మార్లవాయిలోనే సమాధి చేశారు. పుట్టిన దేశం వేరు, బతికిన నగరం వేరు. చివరికి గోండు గూడెం పక్కన పడుకోవాలని కోరుకున్నారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో మరణించారు. తర్వాత ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. అంటే ఈ ఒక్క చోట మాత్రం ఆయనే ఆమె వెనక వచ్చారు. ఏటా జనవరి 11న మార్లవాయిలో ఆదివాసులు ఇద్దరికీ నివాళి అర్పిస్తారు. ఆ రోజు గోండులు గుర్తుచేసుకునేది ఇద్దరినీ. మనం రాసేటప్పుడు కూడా ఇద్దరినీ రాయాలి.

ఇక కెమెరా మన చేతిలోది

యువతీ యువకులారా, బెట్టీ నడిచిన కాలంలో ఒక బొమ్మ కోసం పడిన కష్టం మనకు లేదు. ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. రోజుకు వంద ఫోటోలు తీస్తాం, అందులో తొంభై మన ముఖాలే. వచ్చే వారం ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ అవ్వ బుట్ట అల్లుతున్నప్పుడు, మీ తాత వల వేస్తున్నప్పుడు పక్కన కూర్చోండి. ముందు అడగండి. వద్దంటే తీయవద్దు. దేవుడి చోట, పుట్టుక చోట, చావు చోట పెద్దల మాట దాటవద్దు. ఒప్పుకుంటే వాళ్లు నవ్వేదాకా ఆగి తీయండి.

తీసిన బొమ్మ కింద పేరు రాయండి. తెగ పేరు రాసి ఊరుకుంటే మళ్లీ 1868కి పోయినట్టే. మనిషి పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీ, చేస్తున్న పని, తీసినవాళ్ల పేరు రాయాలి. ఫోన్ పోతే ఫోటో పోతుంది కాబట్టి ఒక కాపీ కాగితం మీద వేయించి ముందు వాళ్లకే ఇవ్వండి.

ఉపాధ్యాయులకు మా విన్నపం ఒకటే. ఏడాదికి ఒకసారి పిల్లల చేత ఇంటి పెద్దల ఫోటోలు తీయించి, ఒక్కో ఫోటోకు అరపేజీ రాయించండి. పదేళ్లకు అది ఆ ఊరి చరిత్ర పుస్తకం అవుతుంది. మన ఆడపిల్లల చేతికి కెమెరా ఇవ్వడం మరవకండి. వాళ్లు తీసిన దాని కింద వాళ్ల పేరే ఉండాలి.

గన్నవరంలో మాకు ఆధార్ ఫోటో చూపించిన ఆ అవ్వను మేము తర్వాత మళ్లీ కలిశాం. మాలో ఒక అమ్మాయి ఆమె ఫోటో తీసింది. మొదట కార్డు కోసమేమో అనుకుని అవ్వ బిగుసుకుని నిలబడింది. "కార్డుకు కాదు అవ్వా, నీ మనవరాళ్లకు" అంటే పక్కకు తిరిగి నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు ఆ ఇంటి గోడ మీద ఉంది. కింద అవ్వ పేరుంది, తీసిన అమ్మాయి పేరుంది.